ఆమ్ల రిఫ్లక్స్‌కు శస్త్రచికిత్స: కెనడా అధ్యాయం

పొట్టలో ఊరే ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నకుండా, ఆ రెండూ కలిసే చోటును సరిచేసే ఆపరేషన్లను కలిపి యాంటీ రిఫ్లక్స్ సర్జరీ అంటారు. వీటిలో ఎక్కువగా చేసేది ఫండోప్లికేషన్. జీర్ణాశయం పైకొనను అన్నవాహిక అడుగుభాగం చుట్టూ, మెడకు కండువా చుట్టినట్టు తిప్పి కుట్టేస్తారు. పుట్టింది స్విట్జర్లాండులోనే అయినా ఈ ఆపరేషన్ చరిత్రలో రెండు పెద్ద మలుపులు కెనడాలో వచ్చాయి. ఏళ్ల తరబడి ఆమ్లానికి కాలి కురచబారిన అన్నవాహికకు ఏం చేయాలన్న ప్రశ్నకు 1970ల మొదట్లో టొరంటో సర్జన్లు సమాధానం చెప్పారు. 2003లో హామిల్టన్‌లో కూర్చున్న సర్జన్ దాదాపు 400 కిలోమీటర్ల అవతల నార్త్ బే ఆస్పత్రిలో పడుకున్న రోగికి రోబో చేతులతో ఇదే ఆపరేషన్ చేశాడు.

చుట్టి కుట్టడం ఒక శిక్షణ పొందిన సర్జన్‌కు గంటా రెండు గంటల పని. ఎవరికి కుట్టాలి, ఎవరికి కుట్టకూడదు అని తేల్చడమే ఈ రంగంలో అసలు కష్టం. గత 30 ఏళ్లలో జరిగిన పరిశోధనలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

వ్యాధి

అన్నవాహిక అడుగున మూడు నాలుగు సెంటీమీటర్ల మేర బిగుసుకుని ఉండే కండరం ఒకటి ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుంటుంది, మిగతా సమయంలో మూసుకుంటుంది. డయాఫ్రం పొర బయటి నుంచి దాన్ని పట్టి ఉంచుతుంది. అన్నవాహిక జీర్ణాశయంలోకి ఏటవాలుగా దిగడం మూడో రక్ష. ఈ మూడింటిలో ఏది సడలినా ఆమ్లం పైకి వస్తుంది. డయాఫ్రంలోని కంత వెడల్పై జీర్ణాశయం కొంత ఛాతీలోకి జారితే హయాటస్ హెర్నియా అంటారు. అప్పుడు లోపలి కండరం ఒక చోట, బయటి పట్టు ఒక చోట అవుతాయి. రిఫ్లక్స్ ముదిరిన వాళ్లలో ఇది తరచు కనిపిస్తుంది.

అందరికీ అప్పుడప్పుడూ పుల్లతేన్పులు వస్తాయి. అది జబ్బు కాదు. ఎప్పుడు జబ్బు అవుతుందన్నదానికి ప్రపంచమంతా వాడే నిర్వచనానికి మాంట్రియల్ పేరే ఉంది. 18 దేశాలకు చెందిన 44 మంది నిపుణులు కూడబలుక్కుని 2006లో ప్రచురించిన మాంట్రియల్ నిర్వచనం ప్రకారం, పొట్టలోని పదార్థం పైకి రావడం వల్ల మనిషిని ఇబ్బంది పెట్టే లక్షణాలు గానీ, చిక్కులు గానీ కలిగితేనే అది గాస్ట్రో ఈసోఫేజియల్ రిఫ్లక్స్ వ్యాధి. ఛాతీలో మంట, పడుకోగానే గొంతులోకి పులుపు రావడం ఇందులో ముఖ్యమైన లక్షణాలు. అన్నవాహిక పుండ్లు పడటం, మచ్చకట్టి సన్నబడటం, లోపలి పొర మారిపోయి బ్యారెట్స్ ఈసోఫేగస్‌గా తయారవడం చిక్కులు. బ్యారెట్స్ ఉన్నవారిలో కొద్దిమందికి క్యాన్సర్ వస్తుంది. అయితే క్యాన్సర్‌ను ఆపడానికే ఆపరేషన్ చేయాలనేంత బలమైన ఆధారం లేదు.

ఆమ్లం గురించి మొదట్లో తెలిసినదాంట్లో చాలా భాగం ఒక కెనడా మనిషి పొట్టలోంచి వచ్చిందే. క్యూబెక్‌కు చెందిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ బొచ్చుతోళ్ల వ్యాపారుల దగ్గర పడవలు నడిపేవాడు. 1822 జూన్ 6న మాకినాక్ దీవిలో తుపాకి పేలి అతని పొట్టకు పడిన రంధ్రం బతికినన్నాళ్లూ పూడలేదు. అమెరికా సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ ఆ రంధ్రంలోంచి జీర్ణరసం తీశాడు, తిండి ముక్కలకు దారం కట్టి లోపలికి దింపి ఎంతసేపట్లో అరుగుతున్నాయో చూశాడు, 1833లో పుస్తకం వేశాడు. 1880లో సెయింట్ మార్టిన్ చనిపోయాక, అప్పుడు మాంట్రియల్‌లో ఉన్న విలియం ఆస్లర్ ఆ పొట్టను పరీక్షకు అడిగాడు. కుటుంబం ససేమిరా అంది. శవం పాడయ్యేదాకా ఆగి, వైద్యులెవరూ తవ్వుకుపోకుండా బాగా లోతుగా పూడ్చిపెట్టారు. వాళ్లను తప్పుపట్టడం కష్టం.

ఆపరేషన్ పుట్టుక

రుడాల్ఫ్ నిస్సెన్ జర్మనీ యూదు సర్జన్. హిట్లర్ వచ్చాక 1933లో దేశం విడిచి ఇస్తాంబుల్ చేరాడు. అక్కడ 1936లో ఒక యువకుడికి అన్నవాహిక అడుగుభాగంలోని పుండును కోసి తీసేశాక, మిగిలిన గొట్టాన్ని జీర్ణాశయానికి అతికించి, అతుకు ఊడకుండా జీర్ణాశయపు గోడనే దాని చుట్టూ మడిచాడు. ఏళ్ల తర్వాత ఆ రోగికి మంట ఊసే లేదని తెలిసింది. అతుకును కాపాడటానికి వేసిన మడత ఆమ్లాన్ని ఆపిందన్నమాట. ఈ సంగతి మనసులో పెట్టుకుని నిస్సెన్ 1955లో బాసెల్‌లో కేవలం రిఫ్లక్స్ కోసమే మడత వేశాడు, 1956లో ప్రచురించాడు. మధ్యలో అమెరికాలో ఉన్నప్పుడు 1948లో ఐన్‌స్టీన్ పొట్టలోని ఉబ్బిన రక్తనాళానికి సెల్లోఫేన్ చుట్టింది కూడా ఈ నిస్సెనే.

నిస్సెన్ చుట్టు పూర్తి వృత్తం, 360 డిగ్రీలు. అది మరీ బిగుసుకుని కొందరికి మింగుడు పడేది కాదు, తేన్పు వచ్చేది కాదు. దానికి ప్రత్యామ్నాయంగా పాక్షిక చుట్లూ వచ్చాయి. ఫ్రాన్సులో జాక్ డోర్ 1962లో ముందువైపు సగం చుట్టును, ఆండ్రే టూపే 1963లో వెనకవైపు పాక్షిక చుట్టును ప్రవేశపెట్టారు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో రొనాల్డ్ బెల్సీ ఛాతీ వైపు నుంచి చేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. 1986లో అమెరికా సర్జన్ టామ్ డిమీస్టర్ బృందం వంద మంది వరస రోగుల అనుభవంతో చెప్పినదేమిటంటే, చుట్టు నాలుగు సెంటీమీటర్లు ఉండనక్కర లేదు, వదులుగా ఒక సెంటీమీటరు చాలు. ఇప్పుడు చాలామంది సర్జన్లు రెండు సెంటీమీటర్ల లోపే వేస్తారు.

1980ల చివరికి ఈ ఆపరేషన్ పని అయిపోయినట్టే కనిపించింది. 1988లో ఒమెప్రజోల్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆమ్లం ఊరడాన్నే ఆపే మాత్ర చేతిలో ఉంటే పొట్టను నిలువునా ఎవరు కోయించుకుంటారు? మూడేళ్లలో కథ మళ్లీ తిరిగింది. 1991లో బెల్జియంలో బెర్నార్డ్ డాలెమాన్, అదే ఏడాది కెనడా నుంచి ఒక సర్జన్ పది మంది రోగులతో, నిస్సెన్ ఆపరేషన్‌ను లాపరోస్కోపీతో చేయవచ్చని ప్రచురించారు. పెద్ద కోత పోయి చిన్న గాట్లు వచ్చాయి. వారం పది రోజుల ఆస్పత్రి ఒకటి రెండు రాత్రులకు దిగింది. కొన్నేళ్ల పాటు ఆపరేషన్ల సంఖ్య విపరీతంగా పెరిగింది, తర్వాత తగ్గింది. పెరిగిన రోజుల్లో చేయకూడని వాళ్లకూ చేశారు, చేయడం రాని వాళ్లూ చేశారు. ఈ ఆపరేషన్‌కు ఇప్పటికీ అంటుకుని ఉన్న చెడ్డపేరులో కొంత ఆ కాలం నాటిదే.

ఎవరికి చేస్తారు

మాత్ర పనిచేయడం లేదు కాబట్టి ఆపరేషన్ చేయించుకుందాం అని చాలామంది వస్తారు. అక్కడే సర్జన్ ఆగి ఆలోచించాలి. మాత్రతో బాగా తగ్గి, మాత్ర ఆపగానే తిరగబెట్టేవారికే ఆపరేషన్ ఎక్కువగా పనికొస్తుంది. మాత్రకు అసలు లొంగని మంట చాలాసార్లు ఆమ్లం వల్ల వచ్చింది కాదు. వినడానికి తలకిందులుగా ఉన్నా నిజం ఇదే.

దీన్ని చక్కగా చూపింది 2019లో వెలువడిన అమెరికా మాజీ సైనికుల అధ్యయనం. మాత్రలకు లొంగని మంట అని 366 మందిని పంపారు. వాళ్లకు ఒమెప్రజోల్‌ను భోజనానికి ముందు, సరైన పద్ధతిలో, రోజుకు రెండుసార్లు రెండు వారాల పాటు వేయించారు. 42 మందికి అంతటితోనే తగ్గిపోయింది. ఇంకో 99 మందికి పరీక్షల్లో ఆమ్లం మామూలుగానే ఉంది. 23 మందికి అన్నవాహిక జబ్బు ఉన్నా అది రిఫ్లక్స్ కాదు. రకరకాల కారణాలతో మరికొందరు తప్పుకున్నాక, చివరికి అధ్యయనంలోకి వచ్చింది 78 మంది. ఆ కొద్దిమందిలో మాత్రం ఆపరేషన్ 67 శాతం మందికి ఫలించింది. రకరకాల మందులు కలిపి ఇచ్చిన వర్గంలో ఫలించింది 28 శాతం మందికి, పోల్చి చూడటానికి పెట్టుకున్న మూడో వర్గంలో 12 శాతం మందికి.

కాబట్టి కోతకు ముందు మూడు పరీక్షలు ఉంటాయి. ఎండోస్కోపీ పుండ్లను, హెర్నియాను, బ్యారెట్స్‌ను చూపిస్తుంది. ముక్కులోంచి సన్నని గొట్టం వేసి 24 గంటల పాటు ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ పరీక్ష 1974 నుంచి ఉంది. రోజులో ఆరు శాతం కన్నా ఎక్కువ సమయం అన్నవాహికలో ఆమ్లం ఉంటే రిఫ్లక్స్ ఖాయమని లియాన్ ఏకాభిప్రాయం అనే నిపుణుల మార్గదర్శకం అంటుంది. మూడోది మానోమెట్రీ, అన్నవాహిక కండరాల బలాన్ని కొలిచేది. మింగే శక్తే లేని అకలేషియాను రిఫ్లక్స్ అనుకుని చుట్టు వేస్తే రోగి నీళ్లు కూడా దిగక అల్లాడతాడు. ఈ పరీక్ష చేయించకుండా ఆపరేషన్‌కు తేదీ ఇచ్చే చోట రోగి లేచి బయటికి రావడం మంచిది.

కెనడాలో ఈ దారి ఫ్యామిలీ డాక్టర్‌తో మొదలవుతుంది. అక్కడి నుంచి గాస్ట్రోఎంటరాలజిస్ట్, ఆ తర్వాత సర్జన్. ప్రతి మెట్టు దగ్గరా నిరీక్షణ తప్పదు. వైద్యపరంగా అవసరమైన ఆపరేషన్‌కు రాష్ట్ర ఆరోగ్య బీమానే చెల్లిస్తుంది, ఒంటారియోలో అయితే ఓహెచ్ఐపీ. ఆస్పత్రి బయట కొనుక్కునే మాత్రల సంగతి వేరు. వాటికి సాధారణంగా ఉద్యోగం ఇచ్చే బీమా ఉండాలి, లేదా వయసు 65 దాటి రాష్ట్ర ఔషధ పథకంలోకి రావాలి. అంటే లక్షల రూపాయల విలువ చేసే ఆపరేషన్ ఉచితం, రోజూ వేసుకునే మాత్రకు జేబులోంచి డబ్బు. అయినా జనం మాత్రనే ఎంచుకుంటారు. కత్తి భయం అలాంటిది. మాత్ర కూడా ఊరికే ఏళ్ల తరబడి సాగకూడదని, ఏడాదికి ఒకసారైనా తగ్గించడమో ఆపడమో ప్రయత్నించాలని కెనడా గాస్ట్రోఎంటరాలజీ సంఘం, అనవసర వైద్యాన్ని తగ్గించే చూజింగ్ వైజ్లీ ప్రచారంలో సూచించింది.

బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో ఉన్న పిల్లల దగ్గరికి సూపర్ వీసా మీద వచ్చే తెలుగు తల్లిదండ్రులకు ఈ ప్రభుత్వ బీమా వర్తించదు. వాళ్లు కనీసం లక్ష డాలర్ల ప్రైవేటు బీమాతో రావాలి. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఆ పాలసీల్లో చాలావాటికి షరతులు ఉంటాయి. హైదరాబాదులో పదేళ్లుగా పాంటాప్రజోల్ అనే ఆమ్లం మాత్ర వేసుకుంటున్న వ్యక్తికి టొరంటోలో రిఫ్లక్స్ కొత్త జబ్బు అవదు కదా.

ఆపరేషన్ బల్ల మీద

రోగికి పూర్తి మత్తు ఇచ్చి, తలవైపు ఎత్తుగా ఉండేలా బల్లను వంచుతారు. పేగులు కిందికి జారి పైపొట్ట ఖాళీ అవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, సాధారణంగా ఐదు చిన్న గాట్ల గుండా కెమెరాను, పనిముట్లను పంపుతారు. కాలేయపు ఎడమ భాగాన్ని ఒక పనిముట్టు పైకెత్తి పట్టుకుంటుంది.

ఛాతీలోకి జారిన జీర్ణాశయాన్ని కిందికి లాగి, అన్నవాహికను చుట్టూ విడదీసి, కనీసం రెండు మూడు సెంటీమీటర్ల పొడవు ఏ బిగుతూ లేకుండా పొట్టలోనే నిలిచేలా చేయడం మొదటి మెట్టు. అన్నవాహికను అంటిపెట్టుకుని వేగస్ నరాలు వెళ్తుంటాయి, వాటిని కాపాడుకోవాలి. తర్వాత డయాఫ్రం కంతను కరగని దారంతో కుట్టి సన్నబరుస్తారు. ప్లీహం వైపు జీర్ణాశయాన్ని పట్టి ఉంచే చిన్న రక్తనాళాలను మూసి కోస్తే పైకొన వదులవుతుంది. దాన్ని అన్నవాహిక వెనక నుంచి కుడివైపుకు లాగుతారు. ఇక్కడ అనుభవజ్ఞులు చేసే చిన్న పని ఒకటి ఉంది. లాగిన కొనను వదిలేసి చూస్తారు. అది వెనక్కి జారిపోతే చుట్టు బిగుతవుతుందన్నమాట, ఇంకా విడదీయాలి. వదిలినా అక్కడే కదలకుండా ఉంటే కుట్టవచ్చు. నోట్లోంచి అన్నవాహికలోకి దాదాపు 20 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తటి గొట్టం దింపి, దానిమీద చుట్టు వేసి, రెండు మూడు కుట్లతో ముగిస్తారు.

అడిలైడ్ సర్జన్లు 1996లో చూపినదాని ప్రకారం, ప్రతి సర్జన్ చేసే మొదటి 20 కేసుల్లోనే చిక్కులు ఎక్కువ. పెద్ద ఊళ్ల ఆస్పత్రుల్లో ఆ 20 త్వరగా గడిచిపోతాయి. ఏడాదికి నాలుగైదు కేసులే వచ్చే చిన్న ఊరిలో సర్జన్‌కు ఎప్పటికి చేయి తిరుగుతుంది? కెనడా లాంటి దేశంలో ఇది పెద్ద ప్రశ్న.

టొరంటో: కురచబారిన అన్నవాహిక

మాత్రలు లేని కాలంలో రోగులు సర్జన్ దగ్గరికి వచ్చేసరికి అన్నవాహిక మచ్చకట్టి, సన్నబడి, పొడవు కూడా తగ్గిపోయి ఉండేది. అలాంటి గొట్టాన్ని బలవంతంగా పొట్టలోకి లాగి చుట్టు వేస్తే కొన్నాళ్లకు అదంతా మళ్లీ ఛాతీలోకి జారేది. బర్మింగ్‌హామ్‌కు చెందిన లీ కాలిస్ 1957లో ఒక ఉపాయం చెప్పాడు. జీర్ణాశయం పైభాగాన్ని నిలువుగా కోసి, కుట్టి, ఒక సన్నని గొట్టంగా మలిస్తే అన్నవాహికకు కొత్త పొడవు వస్తుంది. పొడవు వచ్చింది గానీ రిఫ్లక్స్ ఆగలేదు.

టొరంటో జనరల్ ఆస్పత్రిలో గ్రిఫిత్ పియర్సన్ కాలిస్ గొట్టాన్ని, బెల్సీ చుట్టును ఒకే ఆపరేషన్‌లో కలిపాడు. ముందు పొడిగించు, తర్వాత చుట్టు. పియర్సన్, లాంగర్, హెండర్సన్ 1971లో ప్రచురించిన ఈ పద్ధతి ముడుచుకుపోయిన అన్నవాహికలకు ప్రపంచమంతటా ఆధారమైంది. అప్పటిదాకా ఇలాంటి రోగులకు మిగిలిన దారి తరచు అన్నవాహికనే తీసేయడం. అది ప్రాణాల మీదికి తెచ్చే పెద్ద ఆపరేషన్. బెల్సీ చుట్టు స్థానంలో పూర్తి నిస్సెన్ చుట్టు వేసే కాలిస్-నిస్సెన్ పద్ధతి తర్వాత వచ్చింది. హెండర్సన్ టొరంటోలో, ఆండ్రే దురాన్సో మాంట్రియల్‌లో అన్నవాహిక శస్త్రచికిత్సను దశాబ్దాల పాటు ముందుకు నడిపారు. 2016లో కన్నుమూసిన పియర్సన్ పేరు ఈ రంగంలో ఇప్పటికీ చదివే ఈసోఫేజియల్ సర్జరీ అనే పెద్ద పాఠ్యపుస్తకం మీద ఉంది.

కురచ అన్నవాహిక నిజంగా ఎంతమందిలో ఉంటుందన్నదానిపై సర్జన్లు ఇప్పటికీ వాదించుకుంటారు. బాగా విడదీస్తే చాలావరకు పొడవు అదే వస్తుందని ఒక వర్గం, అలా అనుకునే సగం ఆపరేషన్లు చెడుతున్నాయని ఇంకో వర్గం. ముదరకముందే మాత్రలు మొదలవుతున్నందువల్ల ఇలాంటి కేసులు తగ్గాయన్నదాంట్లో మాత్రం పెద్దగా భేదం లేదు.

రిఫ్లక్స్ సంగతి టొరంటో ఊపిరితిత్తుల మార్పిడి వార్డుకు కూడా చేరింది. ప్రపంచంలో మొదటి విజయవంతమైన ఊపిరితిత్తి మార్పిడి 1983లో టొరంటో జనరల్‌లోనే జరిగింది. మార్చిన ఊపిరితిత్తులు కొన్నేళ్లకు ఎందుకు మూసుకుపోతున్నాయని వెతికిన అక్కడి బృందం, పొట్టలోంచి పైకొచ్చి శ్వాసనాళాల్లోకి జారే పైత్యరసానికి అందులో పాత్ర ఉందని 2005లో చూపింది. అలాంటివారికి చుట్టు వేస్తే అది ఛాతీ మంట కోసం కాదు, కొత్త ఊపిరితిత్తిని కాపాడటానికి.

హామిల్టన్ నుంచి నార్త్ బేకు

నిపిసింగ్ సరస్సు ఒడ్డున ఉన్న నార్త్ బే 50,000 జనాభా గల ఊరు. 2003లో అక్కడి జనరల్ ఆస్పత్రిలో లాపరోస్కోపీ చేసే సర్జన్లు ఉన్నారు గానీ నిస్సెన్ లాంటి క్లిష్టమైన ఆపరేషన్లలో అనుభవం తక్కువ. రోగులు చలికాలపు రోడ్ల మీద దక్షిణానికి ప్రయాణం కట్టాల్సిందే. హామిల్టన్‌లోని సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రిలో పనిచేసే మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ సర్జన్ మెహ్రాన్ అన్వారీ ఈ లెక్కను తిరగేశాడు. రోగి కదలకుండా నైపుణ్యమే కదిలితే?

అంతకు ముందు 2001 సెప్టెంబరు 7న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో న్యూయార్క్‌లో కూర్చుని స్ట్రాస్‌బర్గ్‌లోని రోగి పిత్తాశయాన్ని జ్యూస్ అనే రోబోతో తీశాడు. అది ఒక ప్రదర్శన, ఒక్కసారి జరిగింది. అన్వారీ కోరుకున్నది రోజువారీ సేవ. 2003 ఫిబ్రవరి 28న హామిల్టన్‌లోని కన్సోల్ ముందు కూర్చుని నార్త్ బేలోని రోగికి నిస్సెన్ ఫండోప్లికేషన్ చేశాడు. ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి టెలీరోబోటిక్ సేవగా ఇదే ప్రపంచంలో మొదటిది.

నార్త్ బే ఆపరేషన్ థియేటర్‌లో స్థానిక సర్జన్ క్రెయిగ్ మెకిన్లీ గాట్లు పెట్టి, పనిముట్లు దింపి, జ్యూస్ రోబో చేతులను అమర్చాడు. ఒక చేయి కెమెరాను, రెండు చేతులు పనిముట్లను పట్టుకుంటాయి. హామిల్టన్‌లో సర్జన్ పిడులు కదిపితే ఆ కదలిక బెల్ కెనడా వ్యాపార నెట్‌వర్క్ మీద ప్రాధాన్యంతో ప్రయాణించి అక్కడి పనిముట్టును కదుపుతుంది, కదిలిన దృశ్యం తిరిగి వస్తుంది. ఈ రాకపోకలకు పట్టిన ఆలస్యం 135 నుంచి 140 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఏడో వంతు. చేతికి ఆ తేడా తెలుస్తుంది. సర్జన్ వేగం తగ్గించుకుని దానికి అలవాటు పడాలి. ఒక లైను తెగితే అందుకోవడానికి రెండో లైను సిద్ధంగా ఉండేది, రెండూ పోతే రోగి పక్కన మెకిన్లీ ఉన్నాడు.

2005లో ఆనల్స్ ఆఫ్ సర్జరీ పత్రికలో వచ్చిన నివేదికలో 21 ఆపరేషన్లు ఉన్నాయి. 13 ఫండోప్లికేషన్లు, మిగతావి పెద్దపేగు, గజ్జల హెర్నియా ఆపరేషన్లు. ఏదీ పెద్ద కోతకు మార్చాల్సి రాలేదు, ఆపరేషన్ మధ్యలో తీవ్రమైన చిక్కులు రాలేదు. ఇద్దరు సర్జన్లూ ఒకే పొట్టలో వంతులవారీగా పాత్రలు మార్చుకుంటూ పనిచేయగలిగారు. నా దృష్టిలో ఈ నివేదికలో రోబో కన్నా విలువైనది ఇదే. నార్త్ బే సర్జన్‌కు తన ఊరిలో, తన రోగి మీద, తన జట్టుతోనే చేయి తిరిగే అవకాశం దొరికింది.

సేవ మాత్రం నిలవలేదు. జ్యూస్ తయారీ సంస్థ కంప్యూటర్ మోషన్ అదే 2003లో పోటీదారు ఇంట్యూటివ్ సర్జికల్‌లో కలిసిపోయింది. కొత్త యజమాని తన డా విన్సీ యంత్రాన్నే కొనసాగించి జ్యూస్‌ను ఆపేసింది. అన్వారీ బృందం 2004లో ఫ్లోరిడా తీరాన సముద్రం అడుగున ఉన్న అక్వేరియస్ కేంద్రంలోని వ్యోమగాములకు హామిల్టన్ నుంచి శస్త్రచికిత్స మెలకువలు నేర్పే నాసా ప్రయోగం దాకా వెళ్లింది. ఆ వ్యోమగాముల జట్టుకు నాయకుడు కెనడాకు చెందిన రాబర్ట్ థర్స్క్. సముద్రం అడుగుకు చేరిన సాంకేతికత నార్త్ బేలో ఆగిపోయింది. ఉత్తర ఒంటారియో రోగులు స్పెషలిస్టు కోసం దూరం వెళ్తే, రాష్ట్రం ఇచ్చే నార్తర్న్ హెల్త్ ట్రావెల్ గ్రాంట్ ఫారం నింపి దారిఖర్చులో కొంత తిరిగి తెచ్చుకుంటారు.

ఫలితాలు

మాత్రా, కత్తా అన్న పోటీకి ఐరోపాలో జరిగిన లోటస్ అధ్యయనం పెద్దది. 554 మందిని రెండు వర్గాలు చేశారు. ఐదేళ్ల తర్వాత ఈసోమెప్రజోల్ మాత్ర వేసుకున్న వర్గంలో 92 శాతం, ఆపరేషన్ వర్గంలో 85 శాతం మంది బాగున్నారు. మాత్ర మోతాదును అవసరాన్ని బట్టి పెంచుకునే వీలుండటం ఇక్కడ మాత్రకు కలిసొచ్చింది. అన్వారీ బృందం హామిల్టన్‌లో 104 మందితో, మాత్రతో అదుపులో ఉన్నవారినే తీసుకుని, ఇదే పోలిక చేసింది. మూడేళ్ల తర్వాత ఆపరేషన్ వర్గానికి వారంలో మంట లేని రోజులు సగటున ఒకటికి పైగా ఎక్కువ వచ్చాయి. రెండు అధ్యయనాలూ ఒకదానికొకటి అడ్డం కాదు. బాగా చూసుకున్న మాత్ర, బాగా చేసిన ఆపరేషన్ దాదాపు సమానం. రెండింటిలో ఏది ఎవరికి నచ్చుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది.

ఆపరేషన్ శాశ్వతం అని చెప్పే వాళ్లకు స్వీడన్ లెక్కలు చూపించాలి. 2005 నుంచి 2014 మధ్య అక్కడ ఆపరేషన్ చేయించుకున్న 2,655 మందిలో 17.7 శాతానికి రిఫ్లక్స్ తిరగబెట్టింది. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ మాత్రల్లోకి వెళ్లారు, కొందరు రెండోసారి బల్ల ఎక్కారు.

ఆపరేషన్ తర్వాత

చాలామంది మర్నాడే ఇంటికి వెళ్తారు. ఉబ్బించిన గాలి వల్ల భుజం నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది. చుట్టు చుట్టూ వాపు ఉంటుంది కాబట్టి కొన్ని వారాలు ముద్ద దిగదు. మొదట ద్రవాలు, తర్వాత మెత్తటి తిండి. కెనడా ఆస్పత్రులు ఇచ్చే కాగితంలో సూప్, యోగర్ట్, ఓట్‌మీల్ ఉంటాయి. తెలుగిళ్లలో ఆ స్థానంలో జావ, పలచటి పెసరపప్పుతో మెత్తగా కలిపిన అన్నం, పెరుగన్నం, సాంబారులో బాగా నానిన ఇడ్లీ సరిపోతాయి. బ్రెడ్డు మెత్తగానే కనిపిస్తుంది గానీ తడవగానే ముద్దకట్టి ఇరుక్కుంటుంది. చపాతీ, పూరీ, మాంసం ముక్కలు కూడా అంతే. ఆవకాయ సంగతేమిటని అందరూ అడుగుతారు. కుట్టుకు కారంతో పేచీ లేదు, పెద్ద ముద్దతోనూ గబగబా తినడంతోనూ పేచీ. సోడా, కోలా మాత్రం మానాలి. పైకి రాలేని గాలి కడుపుబ్బరంగా, కింది నుంచి పోయే గాలిగా మారుతుంది. కొందరికి ఈ ఉబ్బరం ఏళ్ల తరబడి ఉంటుంది. పూర్తి చుట్టు వేసిన కొందరికి వాంతి కూడా రాదు.

మొదటి వారాల్లో గట్టిగా వాంతి వచ్చినా, బరువు ఎత్తినా డయాఫ్రం కుట్లు తెగవచ్చు. అందుకే ముందుగానే వికారం రాకుండా మందు ఇస్తారు. చలికాలంలో ఆపరేషన్ చేయించుకున్నవారు ఇంటి ముందు మంచు తోడే పార ముట్టకూడదు. డ్రైవ్‌వే తోడటానికి పక్కింటి కుర్రాణ్ణో, బంధువునో ముందే మాట్లాడుకోవాలి.

ఇతర పద్ధతులు

చుట్టకుండా బిగించే ప్రయత్నాలు చాలా జరిగాయి. 1979లో వచ్చిన ఆంజెల్‌చిక్ సిలికాన్ వలయం అన్నవాహిక చుట్టూ తగిలించడం తేలిక, కానీ అది జారిపోయేది, మింగనిచ్చేది కాదు. చివరికి మూలపడింది. అదే ఆలోచన అయస్కాంత పూసల దండగా లింక్స్ పేరుతో తిరిగొచ్చి 2012లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. ముద్ద వచ్చినప్పుడు పూసలు విడిపోతాయి, తర్వాత మళ్లీ అతుక్కుంటాయి. నోట్లోంచి ఎండోస్కోపుతోనే మడత వేసే పద్ధతులూ ఉన్నాయి. వీటిలో ఒకదానికి గట్టి ఆధారం హైదరాబాదు నుంచి వచ్చింది. డి. నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలో 70 మంది రోగుల్లో సగం మందికి నిజంగా మడత వేసి, మిగతా సగానికి వేసినట్టు నటించి పోల్చారు. గట్ పత్రిక ప్రచురించిన ఆ ఫలితాల్లో నిజంగా వేసిన వర్గమే చాలా ముందుంది. పెద్ద హెర్నియా ఉన్నవారికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు.

బాగా లావుగా ఉన్నవారిలో చుట్టు ఎక్కువకాలం నిలవకపోవచ్చు, పొట్టలోని ఒత్తిడి దాన్ని తోసేస్తుంది. వాళ్లకు రూ-ఆన్-వై గాస్ట్రిక్ బైపాస్ బరువును, రిఫ్లక్స్‌ను ఒకేసారి తగ్గిస్తుంది. బరువు తగ్గడానికే చేసే స్లీవ్ ఆపరేషన్ మాత్రం రిఫ్లక్స్‌ను తరచు పెంచుతుంది. ఒంటారియో బేరియాట్రిక్ నెట్‌వర్క్ కేంద్రాల్లో బైపాస్‌కే పెద్దపీట వేశారు.

చెడిన ఆపరేషన్‌ను తిరిగి చేయడం వేరే పని. చుట్టు ఛాతీలోకి జారిపోవడం దానికి సాధారణ కారణం. అతుక్కుపోయిన కణజాలంలో వేగస్ నరాలు, అన్నవాహిక గోడ ఎక్కడున్నాయో తెలియదు, చిల్లు పడే ప్రమాదం మొదటిసారికన్నా ఎక్కువ. రెండోసారి ఫలితాలు మొదటిసారంత బాగుండవు, మూడోసారి ఇంకా తగ్గుతాయి. అందుకే ఇలాంటి కేసులు పెద్ద ఊళ్లలోని కొన్ని కేంద్రాలకే చేరుతాయి. మూడో చుట్టు వేయడం కన్నా జీర్ణాశయాన్ని చాలావరకు దాటవేసి పేగును పైకి కలపడమే మేలని అక్కడి సర్జన్లు కొందరు భావిస్తారు.